గిరిరాజసుత జాజ్‌లోకి నడిచిన దారి

పోయిన వినాయక చవితికి ముందు ఒక ఆదివారం మా అమ్మాయి కారులో హోసూరు నుంచి బెంగళూరు వెళుతున్నాము. అత్తిబెలె దగ్గర ఎప్పటిలాగే బండ్లు నిలిచిపోయాయి. పొద్దుపోవడానికి అమ్మాయి ఏదో పాట పెట్టింది. గిటారు, వయొలిన్, తబలా, కంజీర ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. కాసేపటికి ఒక గొంతు అందుకుంది. నాకు ఒళ్ళు జలదరించింది. అది మా నాయన ఏటా చవితినాడు పూజ ముగిశాక పాడే త్యాగరాజ కీర్తన, బంగాళ రాగంలోని 'గిరిరాజసుతా తనయ'.

"ఇది మీ తాత పాడిన కీర్తనమ్మా" అన్నాను.

"తాత జాజ్ పాడేవాడా నాన్నా?" అని నవ్వింది.

కారులోని తెర మీద పాట పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉంది. కళ్ళద్దాలు సర్దుకుని చదివాను. 'గిరిరాజ్ సుధా' అని ఉంది. సుత అంటే కూతురు. గిరిరాజసుత అంటే పార్వతి, ఆమె తనయుడు గణపతి. సుధ అంటే అమృతం. పర్వతరాజుగారి కూతురు ఎక్కడ, అమృతం ఎక్కడ? నాకు కోపం వచ్చింది. మన కీర్తన తీసుకున్నారు సరే, పేరైనా సరిగా రాసుకోవద్దా అని అమ్మాయి మీద విసుక్కున్నాను, తప్పు ఆమెదైనట్టు. ఈ సంగతి మన పత్రికకు ఒక ఉత్తరంగా రాయాలని ఆ రోజే అనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక ఒక విషయం వెతకబోతే ఇంకొకటి బయటపడుతూ వచ్చింది. ఉత్తరం కాస్తా వ్యాసం అయింది.

ముందుగా ఒక మనవి. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. బి.కాం. చదివి, 1994 నుంచి బ్యాంకులో పని చేస్తున్నవాణ్ణి. పద్దు ఎక్కడ మొదలైందో, ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి పోయిందో చూడటం నా వృత్తి. ఈ వ్యాసంలో చేసింది కూడా అంతే.

జాజ్ సంగతి

మన పాఠకులలో చాలామందికి జాజ్ అనగానే సినిమాల్లో హోటలు దృశ్యంలో మోగే బాకా గుర్తుకు వస్తుంది. ఆ సంగీతం పుట్టింది అమెరికా దక్షిణాన న్యూ ఆర్లీన్స్ అనే రేవు పట్నంలో, 20వ శతాబ్దం మొదటి సంవత్సరాలలో. బానిసత్వం అనుభవించి బయటపడిన నల్లజాతి ప్రజల పనిపాటలు, చర్చి పాటలు, బ్లూస్ ఒక వైపు. సైనిక బ్యాండ్ల వాయిద్యాలు, ఐరోపా నుంచి వచ్చినవారి నృత్య సంగీతం ఇంకొక వైపు. ఇవన్నీ కలిసి జాజ్ అయింది. 1917లో మొదటి జాజ్ రికార్డు వెలువడింది. అంటే పుట్టుకతోనే అది కలగలుపు సంగీతం. దానిలో ఇంకేదో కలిపి చెడగొట్టారు అనడానికి లేదు.

పద్ధతి మనకు మరీ కొత్తది కాదు. మొదట అందరూ కలిసి ఒక వరుస వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరూ వంతులవారీగా తమ మనోధర్మం చూపిస్తారు. చివరకు మళ్ళీ ఆ వరుసకే వచ్చి ముగిస్తారు. కీర్తన ఎత్తుకుని, కల్పనస్వరాలు వేసి, మళ్ళీ పల్లవి అందుకోవడం వంటిదే. తేడా ఎక్కడంటే, వాళ్ళు కొన్ని స్వరాలను ఒకేసారి గుత్తిగా మోగిస్తారు, దానిని కార్డ్ అంటారు. ఆ గుత్తులు గబగబా మారుతూ ఉంటాయి, వాయించేవాడు వాటి వెంట పరుగెత్తాలి. మనకు తంబురా షడ్జమం కదలదు. రాగం దాని మీద నిలబడి విస్తరిస్తుంది. కాబట్టి ఈ రెండూ కలవాలంటే ఎవరో ఒకరు కొంత దిగిరావాలి.

మొదటి మెట్టు వాళ్ళే దిగారు. 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే ఆల్బమ్ చేశాడు. అందులో గుత్తుల మార్పు తగ్గించి, ఒక్కొక్క స్వరవరుస మీద చాలాసేపు నిలిచి వాయించారు. ఆ ఆల్బమ్‌లో శాక్సఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ రవిశంకర్ రికార్డులు శ్రద్ధగా విన్నవాడు. 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో 'ఇండియా' అనే రచన వాయించాడు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

తరువాతి మెట్టు లండన్‌లో. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్, జమైకా నుంచి వచ్చిన శాక్సఫోన్ వాద్యకారుడు జో హారియట్ కలిసి 1966లో 'ఇండో జాజ్ స్వీట్' తెచ్చారు. ఐదుగురు జాజ్ వారు, ఐదుగురు భారతీయ వాద్యాలవారు. 1967, 1968లలో 'ఇండో జాజ్ ఫ్యూజన్స్' పేరిట రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఇంగ్లండులో ఉంటూ ఇంగ్లండువారు కాని ఇద్దరు చేసిన పని అది. పొరుగు రాష్ట్రంలో పుట్టి పెరిగిన మనవంటివారికి ఈ వివరం ఊరికే పోదు.

మన ఇంటి కలగలుపు

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మా నాయన ఈ మాట వింటే, "వాళ్ళ సంగీతం వాళ్ళది, మనది మనది, కలపడం ఎందుకురా" అని ఉండేవాడు. ఆయనే వయొలిన్ లేని కచేరీ వినడానికి ఒప్పుకునేవాడు కాదు. ఆ వయొలిన్ మనదెప్పుడైంది?

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపావారి దగ్గరి వయొలిన్ నేర్చి దానిని కర్ణాటక సంగీతానికి అలవాటు చేసినవారిలో మొదటివాడు. ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లీషు బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటిని నోటు స్వరాలంటారు. బ్రిటిషు రాజగీతం వరుసకు కూడా ఆయన సాహిత్యం ఉంది. మన త్యాగరాజస్వామి శంకరాభరణంలో చేసిన 'వరలీల గానలోల' వింటే ఆ బ్యాండు నడక తెలిసిపోతుంది. జాజ్ పుట్టడానికి నూరేళ్ళ ముందే కావేరీ తీరాన ఈ పని జరిగింది.

బాలుస్వామి దీక్షితులు తరువాత ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడయ్యాడు. ఆయన పెంచుకున్న మనవడు సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథం ప్రచురించాడు. తమిళనాడు దక్షిణపు కొసన ఉన్న ఎట్టయపురంలో అచ్చయిన ఆ గ్రంథం ఉన్నది తెలుగు లిపిలో! పరాయి వాద్యాన్ని ఇంటికి తెచ్చుకున్న కుటుంబమే సంప్రదాయాన్ని తెలుగు అక్షరాలలో కట్టి దాచింది. ఈ రెండు పనులూ ఒకే ఇంట జరిగాయన్న సంగతి నాకు ఈ వ్యాసం రాసేటప్పుడే తట్టింది.

ఇంకొకటి. వయొలిన్‌కు తెలుగుదేశంలో ఇంటిపేరు వంటివాడైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో పుట్టింది మన బెంగళూరులో. తరువాత విజయనగరం సంగీత కళాశాలకు ఆచార్యుడై, అధ్యక్షుడయ్యారు.

శక్తి

ఇక అసలు పద్దు. మైల్స్ డేవిస్ దగ్గర గిటారు వాయించిన ఇంగ్లీషువాడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1970ల మొదట్లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్నాడు. వయొలిన్ ఎల్. శంకర్‌తోనూ, తబలా జాకిర్ హుస్సేన్‌తోనూ స్నేహం కుదిరింది. ఘటం టి.హెచ్. వినాయకరామ్, మృదంగం రామనాడ్ రాఘవన్ తోడయ్యారు. 1975 జూలై 5న అమెరికాలోని ఒక కళాశాలలో వీరు చేసిన కచేరీయే మరుసటి ఏడు 'శక్తి' పేరుతో మొదటి ఆల్బమ్ అయింది. తరువాత 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ', 1977లో 'నేచురల్ ఎలిమెంట్స్' వచ్చాయి. ఆ తరువాత బృందం విడిపోయింది.

వీణ మీద మెట్ల నడుమ తీగను లాగి గమకం పలికిస్తారు. గిటారుకు ఆ వీలు తక్కువ. అందుకని మెక్‌లాఫ్లిన్ ఒక ప్రత్యేకమైన గిటారు చేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించాడు. వాయించే తీగల కింద అడ్డంగా, తంబురాలా తోడు మోగడానికి 7 తీగలు పెట్టించాడు. కలపడం అంటే పక్కపక్కన కూర్చుని ఎవరి పాట వారు వాయించడం కాదని, తన చేతిలోని పనిముట్టును కూడా మార్చుకోవాలని అతనికి తెలుసు. అదే బృందంలో బొంబాయి తబలా, మదరాసు ఘటం పక్కపక్కన కూర్చున్నాయి. ఉత్తరాది తాళం, దక్షిణాది తాళం అలా కలిసి సాధన చేయడం ఆ రోజుల్లో మన దేశంలోనే అరుదు.

మన ఊరి దగ్గర కథలూ ఉన్నాయి. బెంగళూరులో టి.ఎ.ఎస్. మణి, గాయని ఆర్.ఎ. రమామణి దంపతుల కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ ఉంది. అమెరికా శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ మరియానో దక్షిణ దేశానికి వచ్చి నాదస్వరం నేర్చుకున్నవాడు. ఈ బెంగళూరు బృందంతో ఆయన చేసిన 'జ్యోతి' ఆల్బమ్ 1983లో జర్మనీలోని ఈసీఎం సంస్థ నుంచి వచ్చింది. నేను హోసూరులో ఎనిమిదో తరగతి చదువుతున్న ఏడు అది. ముప్పై మైళ్ళలోపు ఇంత జరుగుతోందని మాకెవరికీ తెలియదు.

పాలకొల్లు పిల్లవాడు

ఆ 1983లోనే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో 14 ఏళ్ళ తెలుగు పిల్లవాడు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి సభను కట్టిపడేశాడు. అతడే పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. నాదీ అదే పుట్టిన సంవత్సరం కావడం వల్ల మా ఇంట్లో ఆ పేరు చెప్పి నాకు చీవాట్లు పెట్టేవారు.

1986లో అనుకుంటాను, మా నాయన నన్ను బెంగళూరుకు అతని కచేరీకి తీసుకువెళ్ళాడు. మిల్లులో గుమాస్తా ఉద్యోగం, శనివారం రాత్రి భజన, ఇవే ఆయన లోకం. కచేరీ నడుమ జనం చప్పట్లు కొడుతుంటే ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తిరుగు బస్సులో అడిగాను, నచ్చలేదా నాయనా అని. "వేళ్ళు బ్రహ్మాండంగా నడుస్తుండాయి. మాట యాడుందిరా? త్యాగయ్య మాట కోసం కదా పాడింది" అన్నాడు. అప్పుడు నాకు జవాబు తోచలేదు.

జవాబు చాలా ఏళ్ళకు దొరికింది. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని ఆ పాటను తీగ మీదికి తెచ్చుకునేవాడు. నాలుగు జంట తీగల మాండొలిన్‌ను ఐదు ఒంటి తీగలుగా మార్చి, కరెంటుతో మోగేలా చేసుకున్నది కూడా గొంతులోని గమకాన్ని పట్టుకోవడానికే. మాట పైకి వినిపించకపోయినా వేళ్ళు దానినే అనుసరించి నడిచాయి. మా నాయన 2003లో పోయాడు. ఈ జవాబు ఆయనకు చెప్పలేకపోయాను.

1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ పాత బృందాన్ని 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్ళీ నిలబెట్టారు. అందులోకి శ్రీనివాస్ వచ్చాడు. వినాయకరామ్ స్థానంలో ఆయన కుమారుడు సెల్వగణేశ్, తరువాత గాయకుడు శంకర్ మహదేవన్ చేరారు. 2001లో వచ్చిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' ఆల్బమ్‌లో 'గిరిరాజ్ సుధా' ఉంది. ఆ కీర్తన ఆ ఇంగ్లీషువాడి బృందంలోకి వచ్చిన కాలం పాలకొల్లు పిల్లవాడు అందులో ఉన్న కాలమే. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ 45 ఏళ్ళకే చెన్నైలో కన్నుమూశాడు.

ఇద్దరు శాక్సఫోన్‌లవారు

ఇక్కడే ఇంకొక ఆల్బమ్ చెప్పకపోతే లెక్క తప్పుతుంది. మంగళూరు ప్రాంతపు కద్రి గోపాలనాథ్ నాదస్వరం వాయించేవారి కుమారుడు. చిన్నతనంలో మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని, అదే తన వాద్యమని నిశ్చయించుకున్నాడు. బెంగళూరు రామనవమి కచేరీలలో ఆయనను విన్నవారు మనలో చాలామంది ఉంటారు. అమెరికాలో పెరిగిన కన్నడిగుల బిడ్డ రుద్రేశ్ మహంతప్ప జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు. 'శాక్సఫోన్ ఇండియన్ స్టైల్' అనే కద్రివారి రికార్డును అన్న వేళాకోళానికి కొనిస్తే, విని నిర్ఘాంతపోయాడు. ఆ వేళాకోళం చివరకు 2008లో ఇద్దరూ కలిసి చేసిన 'కిన్స్‌మెన్' ఆల్బమ్‌గా ముగిసింది. బంధువులు అని ఆ పేరుకు అర్థం.

అందులో వయొలిన్ వాయించింది మన విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారిగారు. 2016లో మదరాసు మ్యూజిక్ అకాడమీ ఆమెకు సంగీత కళానిధి ఇచ్చింది. వయొలిన్ వాయించే స్త్రీలలో ఆ గౌరవం పొందినవారిలో ఆమే మొదటివారు. కద్రివారు 2019 అక్టోబరు 11న పోయారు.

పేరు తప్పిన పద్దు

అమ్మాయి కారులో పెట్టిన ఆల్బమ్ పేరు 'దిస్ మొమెంట్'. 2023లో వచ్చింది. 'నేచురల్ ఎలిమెంట్స్' తరువాత 46 ఏళ్ళకు శక్తి స్టూడియోలో చేసిన ఆల్బమ్. మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, ఈ ఐదుగురి బృందం. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమతి వచ్చింది. మొదటి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్', పోయిన మన శ్రీనివాస్ పేరు మీద. అదే ఏడు డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కూడా పోయాడు.

ఇక 'సుధా' సంగతి. కోపం చల్లారాక ఆలోచించాను. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. హోసూరులో పెరిగినవాడికి ఇది ఒకరు చెప్పాలా? మా బ్యాంకులో ఒకే మనిషి పేరు ఒక కార్డులో ఒక తీరుగా, ఇంకొక కార్డులో ఇంకొక తీరుగా ఉండి రోజూ తగవే. సుత ఈ దారిన సుధ అయి ఉంటుంది. ఇక గిరిరాజ చివరి అకారం ఊడి 'గిరిరాజ్' కావడం ఉత్తరాది ఉచ్చారణ. దక్షిణం ఒక హల్లు మార్చింది, ఉత్తరం ఒక అచ్చు తీసేసింది, ఇంగ్లీషు అక్షరాలు రెండింటినీ మోశాయి. ఆ ఆల్బమ్‌లోని సంగీతం ఎలా కలిసిందో పేరూ అలాగే కలిసింది.

అయినా మన భాషకు నష్టం జరిగింది కదా అనే పట్టు నాకు పోలేదు. రుజువు కోసం అటక మీద మా నాయన భజన పుస్తకం వెతికాను. బౌండు నోటు పుస్తకం, నీలి సిరా, ఆయన గుండ్రటి చేతిరాత. ముందుగా నా లెక్కలో ఒక తప్పు బయటపడింది. కీర్తన ఆసాంతం చదివితే అది సంస్కృతం. త్యాగయ్య సంస్కృతంలో చేసిన కృతులలో ఒకటి. ఇన్నేళ్ళూ అది తెలుగనే అనుకున్నాను, నాయన నోట విన్నందుకు.

రెండో తప్పు ఆ పుట పైనే ఉంది. మా నాయన స్పష్టంగా, వంకరలేని అక్షరాలతో 'గిరిరాజ సుధా తనయ' అని రాసుకున్నాడు.

చాలాసేపు ఆ పుట వంక చూస్తూ కూర్చున్నాను. "మాట యాడుందిరా" అన్న మనిషి. ఆయనకు ఆ కీర్తన చెప్పినది హోసూరులో ఒక తమిళ భాగవతారు. చెవిన పడినట్టు రాసుకున్నాడు. తెలుగు అక్షరాలు నాలుగూ ఆయన దగ్గర ఉన్నాయి. సరైనది ఏదని అడగడానికి పక్కన ఎవరూ లేకపోయారు. ఆ తప్పుతోనే భక్తిగా నలభై ఏళ్ళు పాడాడు, వినాయకుడు ఏమీ అనుకోలేదు.

అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది. చదవడం, రాయడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు, ఇంటికి వస్తే హోమ్‌వర్కు. నేర్పించవలసినవాణ్ణి నేను, బదిలీలని, ఆడిట్లని నేర్పలేదు. ఆ తప్పు మోపడానికి నాకు ఏ బృందమూ లేదు.

"ఇందులో ఏది తప్పు నాన్నా?" అని అడిగింది. చూపించాను. "రబ్బరు పెట్టి చెరిపేద్దామా?"

బ్యాంకు పుస్తకంలో తప్పు పద్దును చెరపకూడదు. దాని మీద ఒకే గీత గీయాలి, కింది అంకె కనబడుతూ ఉండాలి. సరైనది పైన రాసి, దిద్దినవారు పొడి అక్షరాలు వేయాలి. అప్పుడే తరువాత వచ్చేవాడికి ఎవరు ఏమి రాశారో, ఎవరు దిద్దారో తెలుస్తుంది. అదే చెప్పాను. ఒక చిత్తు కాగితం మీద 'త', 'ధ' పక్కపక్కన రాసి చూపించాను. పది పదిహేను సార్లు దిద్దింది. తరువాత తాత నీలి సిరా మీద సన్నగా ఒక గీత గీసి, పైన 'సుతా' అని పెన్సిలుతో రాసింది. తకారం కాస్త ఒరిగింది.

పొడి అక్షరాలు తెలుగులో ఎలా వేయాలి అని అడిగింది. ఆ రెండు అక్షరాలు కూడా రాసి ఇచ్చాను. చవితినాటికి పల్లవి దాకా చదవగలిగింది.